సీట్లక్క కుట్టిన లైబ్రరీ

“ఒక్కటి చిరిగిందా సార్? ఒక్కటంటే ఒక్కటి చూపించండి!”

“చిరిగిందని నేనన్నానా అమ్మా? తెరుచుకోవట్లేదంటున్నా!”

“గట్టిగా లాగితే తెరుచుకుంటాయి.”

“పుస్తకాన్ని గట్టిగా లాగి చదువుతారా ఎవరైనా? ఇదిగో, నేనే రెండు చేతులతో పట్టుకున్నా. వదిలితే టప్పున మూసుకుంటోంది. ఎలుకల బోను లాగా ఉంది. పిల్లల వేళ్లు నలిగిపోతాయి.”

“మొన్నటిదాకా పేజీలు ఊడుతున్నాయని గోల. ఇప్పుడు ఊడట్లేదని గోల. మిమ్మల్ని మెప్పించడం నా వల్ల కాదు సార్.”

“తల్లీ, నిన్ను పుస్తకాలు కుట్టమన్నానా, వాటి నోళ్లు కుట్టమన్నానా?”

అప్పటికి నేను బడి వరండాలో స్టూలు మీద కూర్చుని ఉన్నాను. లైబ్రరీ గది ఫ్యాను దింపి తెచ్చి, దాని కాయిల్ కాలిందా లేదా అని చూస్తున్నాను. ఆ చివరి మాటకు నవ్వు ఆగలేదు. చేతిలో స్క్రూడ్రైవర్ జారి ఠంగుమని కిందపడింది. లోపల మాటలు ఆగిపోయాయి.

“ఎవరది, నవ్వేది?” అన్నారు హెడ్‌మాస్టారు.

“మా పక్కషాపు మోటార్ల కుర్రాడు లెండి. ఒరేయ్ తమ్ముడూ, ఇలా రా. కాలేజీ గడప తొక్కినవాడివి, నువ్వే చెప్పు న్యాయం!”

ఆ గడప తొక్కి మధ్యలోనే వెనక్కి వచ్చేశానని ఆమెకు బాగా తెలుసు. అయినా వాదనలో మనిషి సాయం కావలసి వస్తే నేను చదువుకున్నవాణ్ణి అయిపోతాను. లోపలికి వెళ్లాను. బల్ల మీద పుస్తకాల గుట్ట. ఎర్రవి, ఆకుపచ్చవి, నల్లవి. అన్నిటికీ రెగ్జిన్ అట్టలు. ఒక ఎర్రదాని మీద ఆటో సీటుకు వేసే డైమండు కుట్టు కూడా ఉంది. చేతిలోకి తీసుకుంటే ముద్దొచ్చేలా ఉంది. తెరిచాను. అది సగం తెరుచుకుని మొండికేసింది. లోపలి అంచు నుంచి బొటనవేలి వెడల్పు వదిలి, మెషిన్ మీద రెండు వరసల కుట్టు. ఎడమ పేజీలో ప్రతి వరసకీ చివరి మాట, కుడి పేజీలో ప్రతి వరసకీ మొదటి మాట ఆ కుట్టు కిందికి పోయాయి.

“అక్కా, ఇది సీటు. దీని మీద కూర్చోవచ్చు. చదవలేం,” అన్నాను.

ఆమె నన్ను చూసిన చూపుకి మళ్లీ వరండాలో ఫ్యాను దగ్గరికి పోదామనిపించింది. హెడ్‌మాస్టారి మొహం మాత్రం వెలిగింది. అయితే ఆ వెలుగు ఎంతోసేపు లేదు. ఆయన కుర్చీలో కూర్చుని గొంతు తగ్గించారు.

“చూడమ్మా. సెలవులకు ముందు పైఆఫీసరు వస్తారు. బడి సామాను మొత్తం చూస్తారు. చిల్లులు పడిన పుస్తకాలు చూపిస్తే పాడైనట్టే రాస్తారు. జవాబు చెప్పుకోవాల్సింది నేను. ఉన్నవాటినైనా కాపాడుకోనీ. మళ్లీ తాళం వేసేస్తాను.”

తాళం అన్న మాట వినగానే ఆమె నా చేతిలోని ఎర్ర పుస్తకం లాక్కుంది. దాన్ని అటూ ఇటూ తిప్పింది. తర్వాత చంకలో పెట్టుకుని లేచింది.

“ఆయన వచ్చేదాకా తాళం వెయ్యకండి సార్. కుట్టింది నేనే, విప్పేదీ నేనే.”

మేమందరం ఆమెను సీట్లక్క అంటాం. బడిపిల్లలకు సీట్లత్త. నేను పనిచేసే మోటారు వైండింగు షాపుకీ ఆమె షాపుకీ మధ్య ఒక్కటే గోడ. ఆటోలకు, వ్యాన్లకు, మోటారు సైకిళ్లకు సీటు కవర్లు కుడుతుంది. షాపంతా ఫోము తునకలు, రెగ్జిన్ చుట్టలు, గొట్టానికి వేలాడే పాత సీట్ల అస్థిపంజరాలు. రెగ్జిన్ అతికించే సొల్యూషన్ వాసనకి కొత్తవాళ్లకు తల తిరుగుతుంది. ఆమె చెవి మీద ఎప్పుడూ ఓ సుద్దముక్క ఉంటుంది. ఇంటికి వెళ్లినా అది అక్కడే ఉంటుందని వాళ్లాయన చెబుతాడు. ఆయన రోజుకు మాట్లాడే నాలుగు మాటల్లో అదొకటి. పాత కవరు పీకడం, కొత్తది సీటుకు ఎక్కించడం ఆయన పని. “ఆయన ఫిట్టింగు, నేను కుట్టింగు,” అంటుంది ఆమె.

మిషను కూడా ఇళ్లలో ఉండే రకం కాదు. మందం రెగ్జినూ, కింద గుడ్డా, మధ్యలో ఫోమూ కలిపి ఒక్క పోటుతో కుట్టేస్తుంది. దాని ముందు కూర్చుంటే ఆమెకు ప్రపంచంలో ఏదైనా కుట్టగలనన్న ధైర్యం వస్తుంది. “ఊళ్లో సగం మంది నా కుట్టు మీద కూర్చునే తిరుగుతున్నారు. ఎవడైనా కింద పడ్డాడా?” అని అడుగుతుంది. ఎవడూ పడలేదు మరి.

ఆమె ఏడో తరగతిలో బడి మానేసింది. ఎందుకక్కా అని ఒకసారి అడిగాను. “బడి దూరం. నాన్న సైకిలు పాతది,” అంది.

ఆమెకు ఒక్కతే కూతురు. వసపిట్ట అని పిలుస్తాం, ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. బడి వదలగానే వచ్చి ఫోము గుట్ట మీద ఎక్కి కూర్చుని కథలు మొదలుపెట్టేది. ‘గుర్రమెక్కిన దర్జీ’ అని ఒకటి. ‘ఏడు దీవుల గాలి’ అని ఒకటి. ‘తేనెటీగ రాసిన లెక్కలు’ అని ఇంకోటి. అన్నీ బడి లైబ్రరీలో పుస్తకాలేనని చెప్పేది. గోడకు ఇవతల మోటారు విప్పుతూ నేనూ వినేవాణ్ణి. దర్జీ కథ వచ్చిందంటే గోడకు అవతల మిషను చప్పుడు ఆగిపోయేది. రాజుగారు ఎంత తాగి ఎక్కినా జారిపడని జీను ఒకటి కుడతాడు ఆ దర్జీ. తీరా పండితులంతా కలిసి అతన్నే ఆ గుర్రం ఎక్కించి తరిమేస్తారు. అక్కడికి వచ్చేసరికి వసపిట్ట ఆపేసేది. “మిగతాది రేపు,” అనేది. ఆ రేపు ఎప్పటికీ వచ్చేది కాదు.

ఒకరోజు సీట్లక్క తల దువ్వుకుని బడికి వెళ్లింది. హెడ్‌మాస్టారికి దణ్ణం పెట్టి, “మా పిల్ల చేత ఇన్నిన్ని పుస్తకాలు చదివిస్తున్నారు, మీ మేలు మర్చిపోను సార్,” అంది.

“ఏ పుస్తకాలమ్మా?” అన్నారాయన.

“అదే, లైబ్రరీవి.”

ఆయన వరండా చివర అల్మారా వైపు చూశారు. అద్దాల తలుపులు, మధ్యలో బొప్పాయంత తాళం. “నేను ఈ బడికి వచ్చాక అది తెరవలేదమ్మా,” అన్నారు.

జరిగిందేమిటంటే, వసపిట్ట రోజూ మధ్యాహ్నం ఆ అద్దాల ముందు నిలబడి పుస్తకాల వీపుల మీద ఉన్న పేర్లు చదివేది. మిగతాదంతా సొంతంగా అల్లేది.

ఆ సాయంత్రం గోడకు అవతల పంచాయితీ నాకు స్పష్టంగా వినపడింది.

“అబద్ధాలు చెప్పావంటే నన్ను చూడు!”

“అబద్ధం కాదమ్మా. కథ.”

“ఆ దర్జీ చివరికి ఏమయ్యాడే మరి?”

“నాకేం తెలుసు? తలుపు తియ్యలేదుగా.”

 తర్వాత మిషను మొదలైంది. ఆ సంగతి నా దగ్గర ఎత్తినప్పుడల్లా ఆమె ఒకటే అంటుంది. “రెండు తగిలిద్దామని చెయ్యి ఎత్తానురా. తీరా ఎత్తాక, ఆ దర్జీ ఏమయ్యాడో నాకూ తెలుసుకోవాలనిపించింది.”

మర్నాటి నుంచి ఆమె హెడ్‌మాస్టారి చెవిలో జోరీగ అయింది. పిల్లను దింపడానికి వచ్చినప్పుడొకసారి, తీసుకెళ్లడానికి వచ్చినప్పుడొకసారి. ఆయన చెడ్డవాడేం కాదు. ఇంతకు ముందున్న బడిలో లైబ్రరీ ఆయనే తెరిచాడు. పుస్తకాలు ఇళ్లకు వెళ్లాయి, తిరిగి రాలేదు. బదిలీ అయినప్పుడు ఒక్కో పుస్తకానికీ సంజాయిషీ అడిగారు. పాత పుస్తకాల అంగళ్ల చుట్టూ కాళ్లరిగేలా తిరిగి, దొరికినవి తెచ్చి లెక్క సరిచేశాడు పాపం. ఒకసారి చెయ్యి కాలాక ఈ బడికి వచ్చాడు. ఇక్కడ ఎవరో పెద్దమనిషి పుస్తకాలిచ్చి, రిబ్బను కత్తిరించి, ఫొటో దిగి వెళ్లిపోయి ఉన్నాడు. అల్మారా చూడగానే ఈయన తాళం కొన్నాడు.

“పుస్తకం చిరిగితే?” అనేవారాయన.

“నేను కుడతా.”

“పోతే?”

“గది దాటనివ్వను.”

“ఎవరు కూర్చుంటారమ్మా అంతసేపు? మా టీచర్లు ఇద్దరికీ ఐదు తరగతులు.”

“నేను కూర్చుంటా.”

ఆయన ఆఖరి అస్త్రం తీశారు. తాళంచెవి బయటివాళ్లకు ఇవ్వకూడదట. తల్లిదండ్రుల కమిటీలో ఉన్నవాళ్లకైతే ఇవ్వచ్చట. అదీ బడిలో వాళ్ల పిల్ల చదువుతున్నన్నాళ్లే. ఆ కమిటీకి మనుషులు దొరక్క ఆయనే తల పట్టుకుంటున్నాడని సీట్లక్కకు తెలుసు. “అయితే నా పేరు రాసుకోండి,” అంది.

వరండా చివర సగం గది ఒకటి ఉంది. కాళ్లు విరిగిన బెంచీలు, పనిచెయ్యని నీళ్ల ఫిల్టరు, భూమధ్యరేఖ దగ్గర పగిలిన గ్లోబు అందులో ఉండేవి. అవన్నీ బయటికి ఈడ్చి, నేల కడిగి, ఆటోల పాత వెనక సీట్లు నాలుగు తెచ్చి గోడ వారగా వేసింది. కూర్చోవడానికి అంత మెత్తటి లైబ్రరీ ఇంకెక్కడా ఉండదు. అల్మారాను ఆ గదిలోకి జరిపారు. రోజూ బడి వదిలాక ఆమె వెళ్లి సారు దగ్గర తాళంచెవి అడిగి తీసుకోవడం, చీకటి పడేలోగా తిరిగి ఇచ్చేయడం. ఆ గంటా షాపులో కుట్టింగు బందు. వాళ్లాయన ఫిట్టింగు ఒక్కటీ చేసుకుంటూ ఉసూరుమని కూర్చునేవాడు.

తెరిచిన వారంలోపే పేజీలు ఊడటం మొదలైంది. తప్పు పిల్లలది కాదు. అద్దాల వెనక అన్నేళ్లు ఎండకు మాడి, అట్టల లోపలి జిగురంతా ఎండి పెచ్చులైపోయింది. పుస్తకం తెరిస్తే చాలు, పేజీలు చేతికి వచ్చేసేవి. “సీట్లత్తా, ఇదీ ఊడింది!” అంటూ పిల్లలు వరస కట్టేవారు. మాటిచ్చింది కదా, ఆమె మొత్తం మూటగట్టి షాపుకు తెచ్చుకుంది. చేతనైన పని చేతనైనట్టు చేసింది. ఆటో సీటును బిగించినట్టు ఒక్కో పుస్తకాన్నీ బిగించి పారేసింది. అలా పిల్లల చేతికి వెళ్లిన ఆ పుస్తకాల మీదే, కొన్నాళ్లకు, నేను మొదట చెప్పిన పోట్లాట.

ఆ మర్నాడు నేను కాలిన కాయిల్ షాపుకు తీసుకెళ్దామని బడికి వెళ్లేసరికి ఆమె గదిలో గుమ్మం పక్కన కూర్చుని ఉంది. పిల్లల్ని చూస్తోంది. ఒక పిల్ల పుస్తకం మడతలోకి ముక్కు దూర్చి చదువుతోంది. ఇంకోచోట వసపిట్టా, ఇద్దరు స్నేహితురాళ్లూ ఒక పుస్తకం మీద పడి కొట్టుకుంటున్నారు.

“ఇక్కడ ‘ఏనుగు’ అని ఉంటుందే!”

“కాదు, ‘ఏడుపు’. అడవిలోంచి పెద్ద ఏడుపు వచ్చింది.”

“ఏడుపుకు తొండం ఉంటుందా? కింది వరస చదువు!”

కుట్టు కింద పడిన మాటల్ని ఊహించడం వాళ్లకు ఆటైపోయింది. సీట్లక్క కూతుర్ని దగ్గరికి పిలిచింది.

“ఇన్నాళ్లూ ఇలాగే చదువుతున్నారా?”

“ఆ.”

“మాటలు కనపడట్లేదని నాకు చెప్పొచ్చుగా?”

“చెబితే మళ్లీ తీసుకెళ్లిపోతావుగా,” అంది వసపిట్ట.

ఆమె చెవి మీది సుద్దముక్క తీసి చేతిలో నలిపేసింది. ఆ సాయంత్రమే బ్లేడు పెట్టి కుట్లు కొయ్యడం మొదలుపెట్టింది.

కోసేసరికి పని అయిపోలేదు. అక్కడ మొదలైంది. ప్రతి పేజీ అంచునా చిల్లుల వరస. మళ్లీ ఎక్కడ కుట్టినా మాటలే మింగుతుంది. “సీటుకు వదులు ఉంటే ముడత పడుతుందిరా. అందుకే లాగి కుడతాం. చేతికి అదే అలవాటైపోయింది,” అంది, నా షాపులో టీ తాగుతూ. ఓ పేజీని వెలుతురుకు ఎత్తి చూసింది. “దీనికి అంచు చాలట్లేదు. ప్యాంటు పొట్టయితే ఏం చేస్తాం? అడుగున గుడ్డ కలుపుతాం.”

సీట్ల లోపల వేసే పల్చటి లైనింగు గుడ్డను వేలెడు పట్టీలుగా కత్తిరించింది. ప్రతి పేజీ లోపలి అంచుకీ ఒక పట్టీ అతికించి, పేజీని వదిలేసి పట్టీని కుట్టాలని ఆమె లెక్క. మొదటి పుస్తకానికి రెగ్జిన్ సొల్యూషనే వాడింది. పేజీలు పసుపు రంగు తిరిగాయి, చదివినవాళ్లకు తలనొప్పులు వచ్చాయి. రెండో దానికి పిండి ఉడికించి రాసింది. పొద్దున్నకల్లా చీమలు పుస్తకాన్ని ముందుగా చదివేశాయి. చివరికి వెనక వీధి ప్రెస్సులో తెల్ల జిగురు అడిగి తెచ్చుకుంది. అది నిలిచింది. పుస్తకం బల్ల మీద పెడితే చాప పరిచినట్టు తెరుచుకుంది.

కానీ అల్మారా నిండా ఉన్న పుస్తకాలు, పుస్తకం నిండా ఉన్న పేజీలు, చేతులు మాత్రం రెండే. ఆఫీసరు వచ్చే రోజు దగ్గర పడుతోంది.

బడి గేటు దగ్గర పిల్లల కోసం తల్లులు రోజూ ముందే వచ్చి నిలబడతారు. సీట్లక్క వాళ్ల మీద పడింది. “ఎండలో నిలబడి ఎవరి ఆడబిడ్డ ఏమందో చెప్పుకునే బదులు వరండాలో కూర్చుని చెప్పుకోండి. తలా నాలుగు పట్టీలిస్తా.”

“నాకు కళ్లు ఆనవే పిల్లా,” అంది ఒక నాయనమ్మ.

“కళ్లెందుకు పెద్దమ్మా, వేలితో జిగురు రాయి. నీ నోరు ఖాళీయేగా, మాకు కబుర్లు చెప్పు.”

అలా ముగ్గురు కూర్చున్నారు. తర్వాత ఇంకొందరు. చేతులు పేజీల మీద ఉండేవి, మాటలు ఊరి మీద ఉండేవి. తమ చేతిలో ఉన్నదేమిటో ఎవరూ చూసేవారు కాదు. వాళ్లు అది చూసింది నా పుణ్యమే.

చివరికి ఒకరోజు కాయిల్ చుట్టడం పూర్తయి, ఫ్యాను బిగించడం అయింది. పనిచేస్తుందో లేదో చూడాలి కదా, స్విచ్చి వేశాను. మోటారు పని నాకు బాగానే వచ్చని రుజువైంది. జిగురు ఆరడానికి గది నిండా పరిచిన పేజీలన్నీ ఒక్కసారిగా లేచాయి. కిటికీలోంచి కొన్ని, గుమ్మంలోంచి కొన్ని. వరండాలో ఆడవాళ్ల నెత్తిన వాన పడ్డట్టు పడ్డాయి. వాళ్లు నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. మా అమ్మను కూడా కలిపారు.

అందరం కలిసి ఏరాం. పేజీలకు అంకెలుంటాయి కదా, సర్దేస్తే పోతుందనుకున్నాను. అన్ని పుస్తకాలూ కలిసిపోయాయి. పన్నెండో పేజీ లేని పుస్తకం ఉండదు. ఏ పన్నెండు ఏ కథదో తెలియాలంటే చదవడం ఒక్కటే దారి. అప్పుడు కూర్చున్నారు అందరూ. చదవడం వచ్చినవాళ్లు రానివాళ్లకు పైకి చదివి వినిపించారు.

“నా దాంట్లో పడవ మునుగుతోందే. పడవ ఎవరిది?”

“నా దగ్గర పడవ కొన్నాడు. ఇటివ్వు.”

“ఉండవే, మునిగాక బతికాడో లేదో... తర్వాతి పేజీ ఎవరి దగ్గరుంది?”

“నాకు తేనెటీగ వచ్చింది.”

“తేనెటీగ నాకొద్దు. పడవవాడి సంగతేమైందో చెప్పండి ముందు!”

పిల్లలు ఎప్పుడో బయటికి వచ్చి బ్యాగులు తగిలించుకుని నిలబడ్డారు. “అమ్మా, ఇంటికి పోదాం,” అని ఒకడు కొంగు లాగితే, “ఉండరా, ఒక్క పేజీ,” అని వాళ్లమ్మ చెయ్యి విదిలించుకుంది. హెడ్‌మాస్టారు తన గది గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తున్నారు. నన్నొక మాట అంటారనుకున్నాను. ఆయన వచ్చి, కళ్లజోడు పెట్టుకుని, నాయనమ్మ పక్కన కింద కూర్చుని తన వంతు పేజీలు తీసుకున్నారు.

దర్జీ పుస్తకం ఆ రోజే మొత్తం దొరికింది. సీట్లక్క పక్కకు వెళ్లి, వేలు పెట్టి నెమ్మదిగా, చివరిదాకా చదువుకుంది. అందులో జీనూ లేదు, పండితులూ లేరు. దర్జీ గుర్రమెక్కి పక్క ఊరి సంతకు వెళతాడు, సూదులు కొనుక్కుంటాడు, తిరిగొస్తాడు. ఆమె పుస్తకం మూసి కూతురి వైపు చూసింది. “నీ దర్జీయే నయమే,” అంది.

సెలవులకు ముందు ఆఫీసరు వచ్చాడు. ఆ పొద్దున హెడ్‌మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, పుస్తకాలన్నీ బల్ల మీద పేర్పించి, చిల్లులు కనపడకుండా అట్టలు పైకి పెట్టించారు. సంజాయిషీ కాగితం కూడా జేబులో సిద్ధంగా ఉంది. సీట్లక్క షాపు మూసేసి వచ్చి తలుపు వెనక నిలబడింది. స్విచ్చి దగ్గర నేను నిలబడ్డాను, ఎవరినీ వెయ్యనివ్వొద్దని ఆమె హుకుం.

ఆఫీసరు కుళాయి తిప్పి చూశాడు. మరుగుదొడ్డి గడియ పడుతుందో లేదో చూశాడు. పైకప్పు చెమ్మ చూశాడు. టీ తాగాడు.

“సార్, లైబ్రరీ...” అన్నారు హెడ్‌మాస్టారు, జేబులో కాగితం తడుముకుంటూ.

“ఉందిగా? మంచిది,” అని నడుస్తూనే సంతకం పెట్టి, జీపెక్కి వెళ్లిపోయాడు. గది వైపు తల కూడా తిప్పలేదు.

హెడ్‌మాస్టారు లోపలికి వచ్చి ఆటో సీటు మీద కూలబడ్డారు. “ఇన్నేళ్లూ ఎవరికి భయపడి తాళం వేశానో, ఆయనకు తాళం ఉన్న సంగతే తెలీదమ్మా,” అన్నారు.

సీట్లక్క ఆ మాట వినే స్థితిలో లేదు. ఒళ్లు మండిపోయి ఉంది. “ఒక్కటి తెరిచి చూస్తే ఆయన సొమ్మేం పోతుందండీ? తెరుచుకునేలా చెయ్యడానికి ఇంతమందిమి చచ్చాం! ఒక్కటి తెరవకూడదూ?”

ఆయన నవ్వడం మొదలుపెట్టారు. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని, జేబులోంచి కాగితం తీసి చింపేసి, తాళంచెవి ఆమె చేతిలో పెట్టారు. “రోజూ వచ్చి నన్ను అడగక్కర్లేదు. ఇది నీ దగ్గరే ఉండనీ.”

ఆ తర్వాత అంతా సాఫీగా సాగిందని రాస్తే నా మొహాన కొడుతుంది ఆమె. వానకు ఒక మూల కారింది, అల్మారా ఇంకో మూలకు మారింది. చెదలు పట్టి కింది అర మొత్తం పోయింది. లైబ్రరీ ఉందని తెలిసి ఊళ్లోవాళ్లు పుస్తకాలివ్వడం మొదలుపెట్టారు. ఇచ్చినవాటిలో ఎప్పటివో పరీక్షల గైడ్లు, సగం రాసేసిన డైరీలు, ఏదో ఫ్రిజ్‌ను వాడే విధానం. ఒకాయన పొరపాటున తన పెళ్లి ఆల్బమ్ కూడా ఇచ్చేశాడు. వారం తర్వాత పరిగెత్తుకుంటూ వచ్చాడు. పిల్లలు ‘ఇవ్వం’ అన్నారు, అప్పటికి పెళ్లికొడుకు మేనత్తకు, వంటవాడికి, ఫొటో చివర తలదూర్చిన కుక్కకు కూడా కథలు కట్టేసుకున్నారు. అయినా గది రోజూ తెరుచుకుంటూనే ఉంది. గేటు దగ్గరి తల్లులు ఇప్పుడు లోపలే కూర్చుంటారు. పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చి, పిల్లలే వాళ్లను పిలుచుకెళ్లేదాకా కదలరు.

మొన్న వసపిట్ట ఐదో తరగతి పాసైంది. షాపు ముందు అందరికీ మిఠాయి పంచింది. సీట్లక్క కూడా నవ్వుతూనే పంచింది. ఆ సాయంత్రం నా షాపులోకి వచ్చి, బోర్లించిన మోటారు బాడీ మీద కూర్చుంది. చేతిలో తాళంచెవి. దానికి వేలాడుతూ ఎర్ర రెగ్జిన్ ముక్క, అంచు చుట్టూ డైమండు కుట్టు.

“పిల్ల పెద్ద బడికి పోతోందిగా. నేను కమిటీలోంచి పోయినట్టే,” అంది.

“సారు నీకు అడ్డం చెబుతాడా అక్కా?”

“ఆయన చూసీచూడనట్టు ఉంటానన్నాడు. కానీ ఆయనకూ బదిలీ అంటున్నారు. రాబోయేవాడు ఎలాంటివాడో. బయటిదానివి నీకెందుకు అన్నాడనుకో, మళ్లీ తాళమే.”

“గేటు దగ్గరి వాళ్లలో ఎవరికైనా ఇవ్వు.”

“అడిగా. ఒకామెకు చంటిపిల్ల. ఒకామెకు సాయంత్రం షిఫ్టు. నాయనమ్మ వస్తానంటోంది గానీ తాళం రంధ్రం కనపడదు.” నా వైపు చూసింది. “మీ అక్క కూతుర్ని ఈ ఏడు ఒకటో తరగతిలో వేస్తున్నారట?”

“ఆ.”

“మీ బావ లారీ మీద తిరుగుతుంటాడు. అక్కకు ఒంట్లో బాగోదు. రోజూ పిల్లను దింపేదెవరు, తెచ్చేదెవరు?”

“నేనే. ఖాళీగా ఇంకెవరున్నారు మా ఇంట్లో?”

“అదీ. మేనమామ అయినా పర్లేదట. సార్‌ని అడిగే వచ్చా.”

నేను చేతిలోని తీగ కింద పెట్టాను. “అక్కా, నా సంగతి తెలిసే అడుగుతున్నావా? కాలేజీ సగం. డ్రైవింగ్ నేర్చుకోవడం సగం. ఈ షాపులో ఎన్నాళ్లుంటానో నాకే తెలీదు. నేను దేన్నీ చివరిదాకా చెయ్యను.”

“మీ అక్క నీ జాతకం మొత్తం చెప్పిందిలేరా,” అని నవ్వింది. “దీనికి చివరేముంది గనక? సాయంత్రం తలుపు తియ్యాలి, పిల్లలు పోయాక వెయ్యాలి. మర్నాడు మళ్లీ తియ్యాలి. నేను మాత్రం పూర్తి చేశానా? నీకు విసుగొచ్చేలోపు ఇంకో అమ్మో నాన్నో దొరక్కపోరు. పుస్తకం ఊడితే నా షాపు పక్కనే ఉందాయె.”

గోడకు అవతల వసపిట్ట ఎవరికో కథ చెబుతోంది. దర్జీ కథే, జీను ఉన్నదే. సీట్లక్క ఒక్క క్షణం ఆ వైపు చెవి పెట్టి, తర్వాత తాళంచెవిని నా బల్ల మీద, కాలిన కాయిళ్ల పక్కన పెట్టింది.

“పిల్లను చేర్చేటప్పుడు బడిలో ఓ కాగితం ఇస్తారు. అందులో సంరక్షకుడు అని ఉంటుంది చూడు, అక్కడ నీ పేరు రాయి తమ్ముడూ.”